సీసాడు చెమట

నాయనా,

మగ్గం మీద కూర్చున్నంతసేపూ నుదుటికి తువ్వాలు కట్టుకునేవాడివి. చెమట చుక్క పడితే పట్టు పాడవుతుందని నీ భయం. ఇప్పుడు ధర్మవరంలో బట్టలు పరీక్షించే ల్యాబులో నా పనేమిటో తెలుసా? నీళ్లలో సోడియం క్లోరైడ్, ఇంకొన్ని మందులు కలిపి చెమట తయారుచేయడం! పట్టుముక్కను అందులో నానబెట్టి, తెల్లగుడ్డతో జతచేసి బరువు కింద పెడతాను. రంగు గుడ్డకు అంటితే ఆ అద్దకం పనికిరానట్టే.

ఈరోజు ఒక షావుకారు తెచ్చిన పట్టులోని ఎరుపు తెల్లగుడ్డ నిండా దిగింది. ఆ మాటే చెప్పాను.

"ఏసీ మంటపంలో పెండ్లికూతురికి చెమట యాడ పడుతాదమ్మా? ఆ ఉప్పు రవ్వంత తగ్గించి మళ్లా చూడు" అన్నాడు.

ఉప్పు తగ్గించాలట! ఒళ్లు మండిపోయింది. "తగ్గిస్తే అది చెమట కాదు సార్" అన్నాను. మా పెద్దసారేమో ఆయన్ను కాఫీకి పిలిచి, నన్ను మాత్రం రేపు ఇంకోసారి చేయమన్నాడు.

ఆ కోపంతోనే ఇంటికొచ్చాను. దండెం మీద నీ తువ్వాలు తడిగా వేలాడుతోంది. నువ్వు పోయినప్పటినుంచి నిన్నటిదాకా అది మేకుకే ఉండింది. ఆరిన చెమట దాని మీద తెల్లగా చారలు కట్టి ఉండేది.

"ఎందుకుతికినావమ్మా?" అని అరిచాను.

"మీ నాయన తిథికి అందరూ వస్తారు గదా. మాసిపోయి ఉండాదని ఉతికినా" అంది అమ్మ, నా అరుపుకు బెదిరిపోయి.

రేపు మళ్లీ సీసాడు చెమట చేస్తాను నాయనా. నీది మాత్రం ఈ ఇంట్లో ఇంకెక్కడా లేదు.