ఇవాళ లైన్లో నిలబడొద్దు

బావా, రాత్రి డ్యూటీ దిగి వచ్చి ఈ చీటీ చూశాక అన్నం తిని పడుకో. అలవాటుకొద్దీ జీతం స్లిప్పు కోసం హెడ్డాఫీసుకి పరిగెత్తకు. నువ్వు ఇంట్లో మరిచిపోయిన ఫోనుకే పొద్దున్నే వచ్చేసింది! పొయ్యి మీద పాలు పెట్టి ఆ మెసేజీ తెరిచాను. మీ పంపుహౌసు పేరు, కటింగులు, అన్నీ ఉన్నాయి. అంత పొడుగు లైను, ఆ ఎండ, గుమాస్తా విసుగు, అన్నీ ఒక్క టింగుమన్న చప్పుడుతో మాయం! నోరు తెరుచుకుని నిలబడిపోయాను, పాలు పొంగిపోయాయి.

"కాగితం చేతికి తగలందే నమ్మను" అంటావుగా, నా ఫోనుకి పంపుకున్నాను, ప్రింటు తీయించి తెస్తా.

పెళ్లయినప్పటి నుంచి నెలనెలా నీ సెలవు రోజు ఆ లైనుకే ఇచ్చావు. ఇవాళ్టిది నాది. మధ్యాహ్నానికల్లా వచ్చేస్తా.

అన్నట్టు, నీ బస్సు పాసు దాచేశాను. వెతక్కు.