దిగనని పుచ్చుకున్న ఆకు

తిరువళ్ళూరు,
30-1-1979.

చిరంజీవి జనార్ధనానికి, నీ అవ్వ చెంచమ్మ నెత్తిన చెయ్యి పెట్టినట్టు తలుచుకోని రాయించే జాబు. ఈడ నేను, మీ నాయన, మీ అమ్మ తిరుత్తణి స్వామి దయవల్ల బాగుండాము. బెంగళూరు చలిలో నువ్వూ బాగుండావని నమ్ముకోని ఉండాము.

రాసేది మన తిరుమలయ్య అయ్యవారు. మణవాళనగర్ నుంచి ఎండలో నడిచి వచ్చినాడు. ముప్పై ఏండ్లు బడిలో తెలుగు చెప్పినాడు కాబట్టి నా మాటలన్నీ దిద్దబోతా ఉండాడు. "చెప్పింది చెప్పినట్టు రాయి అయ్యవారూ, దిద్దేదానికి ఇది పిల్లకాయల నోటుబుక్కు కాదు" అంటిని. నవ్వతా రాస్తా ఉండాడు. ముందరికి పోయేకొద్దీ నవ్వడు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబు చెప్తాను. మోకాలు నొప్పి ఉండాది, పోదు, దానితోనే నేనూ పోతాను. మీ నాయన కోపం తగ్గిందా అని అడిగినావు. కొట్టుకు తాళ్ళు కొనేదానికి వచ్చినవాళ్ళందరికీ "మావాడు విమానం తోలతాడు" అని తానే చెప్తాడు. ఇంట్లోకి వస్తానే మూతి ముడుచుకుంటాడు. అది కోపం కాదు, వేషం.

లేహ్యంలో ఏమేమి వేస్తావు అని అడిగినావు. ఎందుకు అడిగినావో నాకు తెలుసు. శొంఠి, వాము, పిప్పళ్ళు, ధనియాలు, బెల్లం, నెయ్యి. దీపావళి లేహ్యానికి అందరూ వేసేవే. నేను కడాన చిటికెడు పచ్చకర్పూరం వేస్తాను. అది మా అమ్మ వాడిక. ఆ వాసన ఇంకొకరింట్లో రాదు.

నీకు విమానం నేర్పిన సుందరరాజ్ సారు వాళ్ళమ్మను పోయి చూసినావా అని మూడు జాబుల్లో అడిగినావు. మూడుసార్లూ నేను జవాబు ఎగ్గొట్టినాను. చూసినాను నాయనా. ఈ జాబు దానికోసమే. నిలబడి చదవద్దు, కూర్చో.

దీపావళికి ముందర నువ్వొక జాబు రాసినావు, గుర్తుండాదా? "పాఠాల మధ్యలో ఒకరోజు సారు దిగిపోతాడు, అప్పుడు నేనొక్కడినే విమానం తోలల్ల" అని. అయ్యవారు చదివేటప్పుడు 'పాఠాల' అనే మాట మింగేసినాడు. నాకు వినపడింది, మధ్యలో సారు దిగిపోతాడు అని. "ఆకాశం మధ్యలో ఏం మెట్లుండాయి అయ్యవారూ దిగేదానికి?" అంటిని. ఈయన తెలిసినవాడి మాదిరి, "గొడుగు కట్టుకోని దూకతారు చెంచమ్మా" అనినాడు. ఇప్పుడు తల దించుకోని రాస్తా ఉండాడు. రాయి, రాయి.

మూడు దినాలు నాకు అన్నం గొంతు దిగలేదు. పిల్లోణ్ణి ఆకాశంలో ఒంటిగా వదిలేసి ఈ సారు దూకేస్తాడంట! దీపావళి ముందునాడు సారు తిరుత్తణిలో వాళ్ళమ్మ దగ్గర ఉంటాడని నువ్వే రాసినావు. అంచుకు పసుపు అద్దిన పంచె, అంగవస్త్రం, తలంటుకు నువ్వులనూనె బుడ్డి, అదిరసాలు, మురుకులు, లేహ్యం డబ్బా, అన్నీ తట్టలో సర్దుకోని పొద్దున రైలెక్కితిని. యాడికమ్మా అని మీ నాయన అడిగితే, గురువుకు దీపావళి సీరు, అదే సారె, ఇచ్చేదానికి అంటిని. అది అబద్ధం కాదు. కానీ సీరు కింద ఆకువక్క కూడా పెట్టుకున్నానని చెప్పలేదు.

కొండ కింద వీధిలో వాళ్ళిల్లు. సారు వాకిట్లో మోటారు సైకిల్ చక్రం ఊడదీసుకోని కూర్చోని ఉన్నాడు, మోచేతులదాకా నల్లటి గ్రీసు. తట్టను చూసి పెద్దగా నవ్వినాడు. "ఏమవ్వా, నాకు సీరా? పెండ్లే కాలేదు, అప్పుడే అల్లుడి మర్యాదా?"

"అల్లుడైతే కాఫీ ఇచ్చి పంపిద్దును. నువ్వు నా మనవడి ప్రాణం చేతిలో పెట్టుకోని తిరిగేవాడివి. పో, చెయ్యి కడుక్కోని రా."

వాళ్ళమ్మ మీనాంబ తలుపుకాడ నిలబడి, "అట్ల అదిలించేవాళ్ళు ఒకరు కావల్ల అక్కా వీడికి" అని నవ్వింది. ఆ నవ్వు గుర్తు పెట్టుకో.

సారు నాకు ఓపికగా చెప్పినాడు. "ఆకాశంలో దిగేది కాదవ్వా. నేలమీద నిలిపి నేను దిగతాను. వాడొక్కడే ఒక చుట్టు చుట్టి వస్తాడు. నేను దిగకపోతే వానికి తోలేది రాదు."

"రాకపోతే పోనీ."

"మరి దేనికి చదివిస్తా ఉండావు?"

"నాకు న్యాయం చెప్పద్దు. దిగనని చెప్పు."

నా చేత్తోనే ఇంత లేహ్యం వాని నోట్లో పెట్టి, రెండాకులూ వక్కా ముందర చాచినాను. ఈ ముసలిదాన్ని సంతోష పెడదామని రెండు చేతులా పుచ్చుకున్నాడు. "సరి అవ్వా. నీ మనవడు విమానం తోలినన్నాళ్ళు ఆ పక్కసీటులోంచి నేను దిగను. చాలునా?" అనినాడు. "అన్నం తిన్నాక వేసుకుంటాను" అని ఆకులు చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

నవ్వతానే పుచ్చుకున్నాడు. కానీ మన ఇంటి సంగతి నీకు తెలుసు. ఆకు పుచ్చుకుంటే మాట ముడి పడినట్టే. ఆకు పుచ్చుకోని తప్పినవానికి మీ తాత ఉప్పు కూడా అమ్మేవాడు కాదు. ఆకుకు నవ్వులాట తెలీదు జనార్ధనం.

తరువాత జరిగింది నీకు తెలిసిందే. అయ్యప్ప మాలలు వేసుకునే దినాల్లో సారు మోటారు సైకిల్ మీద ఇంటికి వస్తా ఉంటే, వాలాజా దాటినాక చెరుకు లారీ గుద్దేసింది. ముప్పై రెండేండ్ల బిడ్డ.

మార్గళి నెలలో నీ జాబు వచ్చింది. కొత్త సారు దిగిపోయినాడు, నేను ఒక్కడినే పైకి పోయి వచ్చినాను అని మొదటి వరస. దాని కింద నువ్వు రాసినవి అయ్యవారు రెండుసార్లు చదివినాడు. విమానం ఇద్దరు కూర్చున్నంత బరువుగా పరిగెత్తి, ఆలస్యంగా లేచిందని. రెండు సీట్ల ముందరా రెండు పిడులుంటాయి, ఒకటి తోస్తే రెండోదీ కదల్తాది, కానీ నువ్వు తోయకముందే పక్కపిడి కదలతా ఉండాదని. దిగినాక మెకానిక్ వచ్చి, "పక్కన ఎవరయ్యా?" అని అడిగినాడని. మూసిన విమానంలో మా అవ్వ లేహ్యం వాసన ఎట్ల వస్తాదని.

అయ్యవారికి చెమట పట్టింది. నాకేమి పట్టిందో చెప్పేదానికి సిగ్గుగా ఉండాది, అయినా చెప్తాను. సంతోషం పట్టింది. మాటంటే మాటే, సచ్చినా దిగలేదు నా బిడ్డ గురువు అనుకున్నాను. దేవుడి ముందర రెండో దీపం కూడా పెట్టినాను.

ఆ నెల అమావాస్యకు వీరరాఘవస్వామి గుడికాడ తర్పణం విడిపించేదానికి మరిదితో కూడా మీనాంబ ఈ ఊరికి వచ్చింది. మన కొట్టు అడుక్కోని ఇంటికి వచ్చింది. మీ నాయన కొట్లో, మీ అమ్మ బావికాడ. నేనొక్కదాన్నే ఉంటిని. కూర్చోమన్నా కూర్చోలేదు.

"పదహారోనాడు పెట్టిన పిండం కాకి ముట్టలేదక్కా" అనింది. "బండి తమ్ముడికి ఇస్తాము అంటిమి, చూసిన పిల్లకు వేరే సంబంధం మేమే కుదురుస్తాము అంటిమి. ఏది చెప్పినా గోడమీదనే కూర్చోని చూసింది. కలలోకి వచ్చినప్పుడంతా నడుముకు బెల్టు కట్టుకోని ఉంటాడు. 'దిగేదానికి లేదమ్మా' అంటాడు."

కొంగు ముడి విప్పి నా ముందర పెట్టింది. ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన చొక్కా జేబులో ఉన్నాయంట. నేనిచ్చిన రెండాకులు. దీపావళి పోయి రెండు నెలలు. ఆకు వాడలేదు. అంచు నల్లబడలేదు. అప్పుడే తీగనుంచి తుంచి నీళ్ళు చల్లినట్టు ఉండాయి. నేను ముట్టుకోలేదు.

"నీ ఆకు నువ్వు వెనక్కి తీసుకో అక్కా."

"తీసుకోను" అంటిని. "నా మనవడు పైన ఉండాడు. పోయినవాడికి బరువేముండాది, కూర్చోనీ."

ఏడవలేదు ఆమె. అరవలేదు. ఆకులు మళ్ళీ కొంగులో కట్టుకుంటా ఒక్క మాట అనింది. "నీ మనవడు రోజూ పైకి పోయి రోజూ దిగతాడు. నా కొడుకు ఎప్పుడు దిగతాడక్కా?"

"పో" అంటిని. బిడ్డను పోగొట్టుకున్న తల్లిని, అమావాస్యపూట, గుక్కెడు నీళ్ళు ఇవ్వకుండా వాకిట్లోనుంచి తరిమినాను. మీ నాయనకు తెలీదు. అయ్యవారు కలం ఆపి నా మొగం చూస్తా ఉండాడు. ఏం చూస్తావు? రాయి. తప్పు చేసిన నోరే చెప్తా ఉండాది, రాసే చేతికేమి?

నెల దినాలు ఆమె మాట నా చెవిలో కూర్చోని దిగలేదు. అయినా నేను కదల్లేదు. కదిలించింది నీ కడా జాబు.

"చేతులు రెండూ వొళ్ళో పెట్టుకున్నానవ్వా. పిడి దానంతట అదే కదిలింది. విమానం పూవు పెట్టినట్టు నేలమీద వాలింది. కొత్త సారు మెచ్చుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. తోలింది నేను కాదు. నేను ఎప్పటికీ నేర్చుకోలేను. వచ్చే నెల పదో తేదీ మైసూరు దాకా ఒంటిగా పోయి రమ్మంటా ఉండారు. ఒంటిగా ఉండేది ఎట్లనో నాకు తెలీదు."

అప్పుడు అర్థమయింది. సుందరరాజ్ ముందే చెప్పినాడు కదా, నేను దిగకపోతే వానికి రాదు అని. ఒక్క ఆకుతో నేను ఇద్దరు బిడ్డలను కట్టేసినాను. వాళ్ళమ్మకు వాణ్ణి లేకుండా చేసినాను, నీకు నిన్ను లేకుండా చేసినాను.

మొన్న ఆదివారం తై అమావాస్య. ఊరంతా మన గుడికి వస్తా ఉంటే నేను ఎదురు రైలెక్కి తిరుత్తణికి పోతిని. మీనాంబ తలుపు తీసింది. పక్కకు తప్పుకోని మిద్దెమెట్లు చూపించింది. మిద్దెమీద అరిటాకులో అన్నం ముద్ద అప్పుడే పెట్టినట్టుండారు. నెత్తిన మధ్యాహ్నం ఎండ. పిట్టగోడ మీద ఒకే ఒక కాకి. కూయదు, కదలదు. నన్ను చూసి తల వంచింది.

నేను ముద్ద ముందర నిలబడి చెప్తిని. "నాయనా సుందరరాజూ, తిరువళ్ళూరు చెంచమ్మను వచ్చినాను. నువ్వు నవ్వులాటకు అన్నావు, నేను ముడి వేసినాను. తప్పు నాది. నా ఆకు నేను తీసుకుంటా ఉండాను. దిగు నాయనా. దిగి మీ అమ్మ పెట్టిన అన్నం తిను."

కాకి ఎగిరి రాలేదు జనార్ధనం. గోడమీదనుంచి మెట్టుమీదికి, మెట్టుమీదనుంచి నేలమీదికి, బండి దిగే మనిషి మాదిరి ఒక్కొక్క కాలు పెట్టి దిగింది. నిలబడి ఒకసారి రెక్కలు విదిలించింది. ఆ గాలికి పచ్చకర్పూరం వాసన నా మొగానికి కొట్టింది. తరువాత ముద్దలో ముక్కు పెట్టింది.

"దిగినాడు" అనింది మీనాంబ. అంతే అనింది. నాకు నీళ్ళు తెచ్చి ఇచ్చింది. నేను ఇవ్వని నీళ్ళు.

ఆకులు పారే నీళ్ళలో వదిలేయక్కా అని కొంగు విప్పి ఇచ్చింది. పారేదానికి ఏట్లో నీళ్ళు యాడుండాయి? ఇంటికి తెచ్చినాను. నమిలేదానికి నాకు పండ్లు లేవు కదా, చిన్న రోట్లో వక్కతో కూడా దంచుకోని నేనే వేసుకున్నాను. మూడు నెలల ఆకు, అప్పుడే కోసినట్టు కారంగా ఉండాది. నోరు ఎట్ల పండిందంటే, "ఏమత్తా, ఈ పొద్దు ఇంత ఎర్రగా పండింది?" అని మీ అమ్మ అడిగింది. ఎండకు అంటిని.

ఇంక నువ్వు చేయాల్సింది విను. పదో తేదీ ఎక్కు. పక్కసీటు బెల్టు నువ్వే బిగించి కట్టు. విమానం తేలికగా లేస్తాది, బెదరద్దు. పిడి నువ్వు తోస్తేనే కదల్తాది, కాబట్టి తొయ్యి. వాసన రాదు. వచ్చే దీపావళికి కొత్త సారుకు పంచె, లేహ్యం పంపిస్తాను. ఆకు పంపించను. దిగతానే ఒక కార్డు రాసి వెయ్యి, నాకొకటి, తిరుత్తణికి ఒకటి.

కడాగా ఒక మాట. ఆకు వేసుకున్నది నేను, మాట ఇప్పుడు నా మీద ఉండాది. నేను బతికినన్నాళ్ళు నేలమీదనే ఉంటాను. నేను పోయినాక ఎప్పుడైనా, ఏ ఆకాశంలోనైనా, పక్కసీటులో పచ్చకర్పూరం వాసన వస్తే, అది సుందరరాజ్ కాదు. నాకు బుద్ధి చాలదు, నీకు తెలుసు. నువ్వు మొగమాటం పడద్దు. గదమాయించి ఒక్క మాట చెప్పు, "దిగవ్వా" అని. ఒక్కసారి చెప్తే చాలు. దిగతాను.

ఇట్లు,
నేలమీద కాచుకోని ఉండే నీ అవ్వ,
చెంచమ్మ
(ఎడమచేతి బొటనవేలి ముద్ర)