ఎదురు నడక

సెప్టెంబరు 24, శనివారం
అబ్బాయి బీపీ మాత్ర వేసుకున్నాడో లేదో. అడిగితే విసుక్కుంటాడు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్‌లో పాఠాలు అరిచి అరిచి గొంతు కూడా పోయింది. కోడలి నడుం కొంచెం నయం. మనవరాలి దగ్గు వదల్లేదు. తెలంగాణ సమ్మె కాబట్టి బడి లేదు, అదొక్కటే మేలు. నా మోకాళ్లు పార్కులో నాలుగు చుట్లు తిరిగితే కుదురుగానే ఉంటాయి.

పార్కులో నాతో నడిచే యాదమ్మ కొడుక్కి జ్వరమట. సిటీ బస్సు నడుపుతాడు. ఇప్పుడు పొద్దంతా సమ్మె టెంటులోనే. "గోలీ ఇయ్యబోతే, తెలంగాణ వచ్చినంక మింగుతా అంటుండు వదినా" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఈ జ్వరాలు మంచివి కావు.

సెప్టెంబరు 25, ఆదివారం
మూడో చుట్టులో, నీళ్ల ట్యాంకు మలుపు దగ్గర యాదమ్మ అడిగింది. రేపు వంటావార్పు. సమ్మెలో ఉన్నవాళ్లు రోడ్డు మీదే వండుకుని అక్కడే తింటారు. "నీ ఇత్తడి గుండిగ ఇయ్యి వదినా. పొద్దుగూకేసరికి తోమి తెచ్చిస్త."

"అది ఊళ్లో ఉంది, మా తమ్ముడు పట్టుకెళ్లాడు" అనేశాను.

ఎందుకన్నాను... గుండిగ మెడ మీద నాన్న తన పేరు, ఊరు, కృష్ణా జిల్లాతో సహా చెక్కించాడు. నడిరోడ్డు మీద ఎవరైనా చదివితే? ఎవరిది, ఎక్కడివాళ్లు అని అడిగితే? మొన్ననే అబ్బాయి — "అమ్మా, మనం ఎవరి జోలికీ పోవద్దు. పార్కులో కూడా తక్కువ మాట్లాడు."

పదకొండేళ్లుగా యాదమ్మతో తిరుగుతున్నాను. ఒక్క అబద్ధం ఆడలేదు.

సెప్టెంబరు 26, సోమవారం
ఎంత పని జరిగింది. దసరా వస్తోందని కోడలు ఇత్తడంతా దించి, చింతపండు పెట్టి తోమించి, డాబా పిట్టగోడ మీద బోర్లించింది. గుండిగ ఎండకి తళతళలాడుతోంది. కింద సందులో యాదమ్మ. చంకలో ఎవరిదో అల్యూమినియం గిన్నె. తలెత్తి చూసింది. నేను గబుక్కున తలుపు చాటుకి... నన్ను కూడా చూసిందా?

గిన్నె రెండో చంకకి మార్చుకుని వెళ్లిపోయింది. నాలుగు మాటలు అని పోతే బాగుండేది.

సెప్టెంబరు 27, మంగళవారం
పార్కుకి వెళ్లలేదు. మోకాళ్లు అని చెప్పాను.

సెప్టెంబరు 28, బుధవారం
యాదమ్మ పక్కన పడకూడదని, అందరూ నడిచే వైపు కాకుండా అటు నుంచి మొదలుపెట్టాను. నా బుద్ధి ఏమైందో. అందరితో పాటే నడిచి ఉంటే ఆవిడ వీపు చూసుకుంటూ పోయేదాన్ని. ఎదురు నడిస్తే ప్రతి చుట్టుకీ రెండుసార్లు మొహాలు! ట్యాంకు దగ్గర ఒకసారి, జారుడుబల్ల దగ్గర ఒకసారి. నాలుగు చుట్లు. ఎనిమిదిసార్లూ నా చెప్పులే చూసుకున్నాను.

అప్రదక్షిణం కూడాను. సాయంత్రం మనవరాలికి దగ్గు ఎక్కువైంది. నా వల్లేనేమో.

సెప్టెంబరు 29, గురువారం
మళ్లీ ఎదురే నడిచాను. ఇప్పుడు వైపు మారిస్తే ఏమనుకుంటుందో అని. ఆరోసారి యాదమ్మ దారికి అడ్డంగా నిలబడింది.

"ఎన్నిమాట్ల మొకం సూపిస్తవ్ వదినా? నిలబడు, ఒక్కసారే తిట్టిపోత."

"గుండిగ..." అన్నాను.

"సూసిన. నీ తమ్ముడు మస్తు జల్ది తెచ్చిండు."

ఏడుపు వచ్చేసింది. గుండిగ మీద పేరు సంగతి, అబ్బాయి భయం, నా భయం అన్నీ చెప్పేశాను.

"అన్నం మీద రాసుంటదా నీ ఊరి పేరు? పొయ్యి మీదెక్కినంక అంత మసే. ఎవడు సదువుతడు?" అంది. మళ్లీ తనే — "అయినా నువ్వు భయపడ్డది టెంటోళ్లని జూసా, నన్ను జూసా?"

చెంగుతో మొహం తుడుచుకున్నాను.

"మీవాడికి జ్వరం ఎలా ఉంది?" అన్నాను. "తగ్గింది తియ్" అంది. మిగతా చుట్టు కలిసే నడిచాం. ఆవిడ నడిచే వైపే.

సెప్టెంబరు 30, శుక్రవారం
ఆదివారం మళ్లీ వంటావార్పట. గుండిగ తీసుకెళ్లమని నేనే అన్నాను. "ఇంటికే వస్త. చాయ్ పెట్టు, సల్లారింది ఇయ్యకు" అంది యాదమ్మ.

అబ్బాయికి చెప్పలేదు. అన్నం తింటుంటే చెబుదామనుకున్నాను... బీపీ గుర్తొచ్చింది.

గుండిగని తలుపు పక్కన పెట్టాను. తీసి వంటింట్లో పెట్టాను. మళ్లీ తెచ్చి తలుపు పక్కనే పెట్టాను, పేరు గోడ వైపుకి.

యాదమ్మ వచ్చేది ఆదివారం పదింటికి. ఆ రోజు అబ్బాయి ఇంట్లోనే ఉంటాడు.