మూత తీసినవాళ్ల పలక

గద్వాల, 1941, శుక్రవారం రాత్రి

ఖాదరూ నేనూ ఈరోజు విడిపోయి ఫోటో కొట్టు పంచుకున్నాం. కెమెరా నాకు, ఫోటోలు అచ్చువేసే సామాను అతనికి. ఫోటో నెగెటివ్‌లున్న గాజు పలకల దగ్గరే పేచీ వచ్చింది. పలక ఉన్నవాడిదే కదా మళ్లీ ఫోటో వేసే హక్కు! చివరికి, ఫోటో తీసేటప్పుడు కెమెరా మూత ఎవరు తీశారో పలక వాళ్లదేనని ఒప్పుకున్నాం.

పెట్టె అడుగున ఒక పలక మిగిలింది. కొట్టు తెరిచిన రోజున మేమిద్దరం భుజాల మీద చేతులేసుకుని దిగినది. ఇద్దరమూ కెమెరా ముందే ఉంటే మూత తీసిందెవరు?

"వదినె తీసింది. మూడు లెక్కవెట్టి మూయమని నువ్వే చెప్పినవ్," అన్నాడు ఖాదర్, నా వైపు చూడకుండా.

ఇంటికి తెచ్చి మా ఆవిడకిచ్చాను. దీపానికి అడ్డంపెట్టి చూసి నవ్వింది. పలకలో నలుపంతా తెలుపే కదా.

"ఇద్దరి మీసాలు తెల్లవడ్డయ్. గింత ముసలోళ్లయ్యేదాంక కలిసుంటరనుకున్న," అంది. పలక నా చేతిలో పెట్టి, "ఇది నాదే గద? రెండు ఫోటోలు ఏయించుకరా. ఒకటి ఖాదరన్నకియ్యి."

అచ్చువేసే సామాను ఖాదర్ దగ్గరే ఉంది. రేపు గిరాకీలా వెళ్లి అతని గడప ముందు నిలబడాలి. లోపలికి రమ్మంటాడో, లేక గడప బయటే ఉంచి డబ్బులడుగుతాడో!