చీపురు గుంజుకున్న రిసార్టు

2007 ఏప్రిల్, శనివారం రాత్రి

పెండ్లయి నెల దాటింది గదా అని రాధను తీసుకొని బల్మూర్ దాటినంక ఎండిన గుట్ట మీదున్న ఈ రిసార్టుకొచ్చిన. కిరాయి పట్నం హోటలంత, సౌకర్యాలు మా తాత కాలమంత. మట్టిగోడలు, గడ్డి కప్పు, ఏసీ లేదు, టీవీ లేదు. పర్యావరణాన్ని కాపాడుతున్నరట. సరే, మా వంతు చెమట మేమూ కార్చినం.

పొద్దుగాల రాధ లేవంగనే, మా ఇంట్ల లెక్కనే, గది ముందర ఊడ్చి ముగ్గు పెట్టబోయింది. రిసార్టు పనాయన ఉరికొచ్చి చీపురు గుంజుకున్నడు. "అమ్మా, మీరు ఊడిస్తే నా నౌకరి పోతది!"

ఇగ చేసేందుకేం లేక అరుగు మీద కూసుంది. మా ఇంట్ల ఆమె గట్ల కూసుంటే నేనెన్నడు చూడలే. నేనూ పక్కన కూసున్న. జర సేపటికి నా దిక్కు చూడకుండనే అన్నది.

"నాకు బీఈడీ చెయ్యాలనుంది. అత్తమ్మకు నువ్వు చెప్తవా?"

"మహారాణి ఆజ్ఞ! ఊరంత దండోరా వేయిస్త."

ఆమె నవ్వలే. "అన్నిటికి గిట్లనే అంటవ్. ఏది నిజమో ఏది పరాచికమో నాకెట్ల తెలుస్తది?"

కాలేజీల అందరి నోర్లు మూయించిన అసొంటి జోకొకటి నాలిక దాక వస్తే, మింగేసిన.

"చెప్త" అన్న, మెల్లగ.

"చూస్త" అన్నది.

ఇప్పుడు నిద్రపోతున్నది. అమ్మ దగ్గర ఎట్ల మొదలువెట్టాలె? జోకుతోని మొదలువెడితే అమ్మ నవ్వుతది, విషయం ఆడనే పోతది. జోకు లేకుంట మాట్లాడితే నాకు జరమొచ్చిందని పరేషానై దవాఖానకు తీస్కపోతది.

పోనీ. దవాఖానల గూడ అదే మాట చెప్త.