మూడో సింకు మీద మచ్చలు

నవంబరు 10
ఈ హాస్టల్ కిచెన్ తెరిచి మూడు నెలలు. ఎనిమిది వందల మంది పిల్లలకు వంట. గిన్నెలు కడిగే సెక్షన్‌కి హెడ్‌ని నేను, శౌరమ్మని. నా కింద నలుగురు. సింకులు, టేబుళ్లు అన్నీ కొత్త స్టెయిన్‌లెస్ స్టీలు. రోజూ సాయంత్రం ఇనుప పీచుతో బలంకొద్దీ రుద్దిస్తాను. తర్వాత బ్లీచింగ్ నీళ్లు పోయించి తెల్లారేదాకా అలాగే వదిలేయిస్తాను. టేబుల్‌లో మొహం చూసుకుని జడ సర్దుకోవచ్చు. గన్నవరం చుట్టుపక్కల ఇంత శుభ్రమైన కిచెన్ ఇంకోటి ఉండదు.

నవంబరు 14
మూడో సింకులో గోధుమరంగు మచ్చలు. గోటితో గీకినా పోలేదు. ఇంకా గట్టిగా రుద్దించాను.

నవంబరు 19
పెరిగాయి.

నవంబరు 21
మేనేజర్ శ్రీనివాసరావు గారు చూశారు. ఆ సింకు అమలమ్మది. సరిగా కడగడం లేదని, నెలాఖరుకి మానిపించేద్దామని అన్నారు. అమలమ్మ అప్రాన్ విప్పి, మడతపెట్టి, మళ్లీ కట్టుకుని పనిలో పడింది. నలుగురిలో బాగా రుద్దేది అమలమ్మే. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆమె బాగానే కడుగుతోందంటే, మరి తప్పెవరిదని అడుగుతారు.

నవంబరు 22, ఉదయం 6
నా నలుగురిలో మార్తకి బద్ధకం. పీచు ముట్టుకోదు, స్పాంజితో పైపైన తుడిచేస్తుంది. సగం రోజులు బ్లీచింగ్ పోయడం మర్చిపోతుంది. ఆమె సింకు మీద ఒక్క మచ్చ లేదు.
ఎక్కువ రుద్దిన చోటే తుప్పు. ఆ రెండు సింకుల్నీ వేళ్లతో తడిమి చూశాను.

నవంబరు 22, సాయంత్రం
సింకులు అమ్మిన కంపెనీ సర్వీస్ ఇంజనీరు జయదేవ్ గారికి ఫోన్ చేశాను. స్టీలు మీద కంటికి కనపడని పల్చటి పొర ఉంటుందట. తుప్పు పట్టకుండా కాపాడేది అదే. బ్లీచింగ్ నీళ్లు నిలవుంటే ఆ పొరని తినేస్తాయి. ఇనుప పీచు దాన్ని గీరేసి, తన ముక్కలు అక్కడే వదిలేస్తుంది. ముందు తుప్పు పట్టేవి ఆ ముక్కలే. సబ్బు నీళ్లు, మెత్తటి స్క్రబ్బర్ చాలన్నారు. స్టీలు మీది సన్నని గీతల వెంటే తుడవాలి. మంచినీళ్లతో కడిగి పొడిగుడ్డతో తడి లేకుండా తుడవాలి. బ్లీచింగ్ తప్పదంటే పల్చగా, కొద్ది నిమిషాలే, వెంటనే కడిగెయ్యాలి.
అన్నీ రాసుకున్నాను. ఇన్నాళ్లూ గొప్పగా చేయించిందంతా తప్పే.

నవంబరు 24
మేనేజర్ గారి గదికి వెళ్లాను.
"అమలమ్మ చేసింది నేను నేర్పిన పనేనండీ," అన్నాను.
"అయితే తప్పు మీదంటారా?"
"నాదేనండీ. మానిపించాలంటే నన్ను మానిపించండి. ముందు రెండు వారాలు టైమివ్వండి, బాగుచేసి చూపిస్తాను."
ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. రెండు వారాలే అన్నారు.
బయటికొచ్చి అమలమ్మకి సారీ చెప్పాను. పీచుతో రుద్దిన మర్నాడల్లా నీళ్లు ఎర్రగా వచ్చేవి అక్కా, అంది. మరి చెప్పలేదేం అన్నాను. మీరు వినేవాళ్లా, అంది.
వినేదాన్ని కాదు.

నవంబరు 29
పీచు మొత్తం బయట పారేశాం. వంటసోడా ముద్దచేసి మెత్తటి గుడ్డతో, గీతల వెంటే. మచ్చలు వదులుతున్నాయి. మోచేతులు ఒకటే పీకుడు. మార్త కూడా రుద్దింది.

డిసెంబరు 8
మేనేజర్ గారు మూడో సింకులో అరచెయ్యి పెట్టి అంతా తడిమారు. ఏడు చిన్న గుంటలు మిగిలాయి. అవి ఇక పోవని జయదేవ్ గారు ముందే చెప్పారు. కొత్త మచ్చ మాత్రం ఒక్కటీ లేదు. ఎవర్నీ తియ్యడం లేదన్నారు. గోడకి అంటించడానికి పద్ధతంతా రాసిమ్మన్నారు. రాసిచ్చాను. కింద అమలమ్మ పేరు ముందు, నా పేరు తర్వాత. సింకుల్లో మా ఐదుగురి మొహాలూ కనిపిస్తున్నాయి. ఈసారి నిజంగానే శుభ్రం.

డిసెంబరు 20
మైలవరంలో మా యాజమాన్యానిదే ఇంకో హాస్టల్ ఉంది. నేర్పి రమ్మని అమలమ్మనీ నన్నూ కారులో పంపారు. పన్నెండు మంది కూర్చుని విన్నారు. చెప్పీ చెప్పీ గొంతు పోయింది.
ఈ పనిలో నడుం పోయింది, గోళ్లు పోయాయి. గొంతు పోవడం ఇదే మొదటిసారి.