గడ్డం కింద రెండు గాట్లు

ఒరేయ్ చిన్నోడా,

ఫోన్ చేస్తే నవ్వి మాట మార్చేస్తావు, అందుకే రాస్తున్నాను. ఇన్నేళ్లలో నీ కత్తి మీ బావకు ఒక్క గీత పెట్టలేదు. నిన్న నీ షాపులో గడ్డం గీయించుకుని వస్తే, కింద రెండు గాట్లు! "కత్తి కొత్తది బావా" అన్నావట. మరి నీ చెయ్యెందుకు వణికింది? ఆయన అద్దంలో చూశారు.

నిద్రమాత్రలు ఒక్కసారిగా మానేశావు కదూ? కొద్దికొద్దిగా తగ్గించాలని, లేకపోతే చేతులు వణుకుతాయని డాక్టరు నా ముందే చెప్పారు. "నాలుగు వారాలు వాడినదానికి ఇంత తతంగమా అక్కా?" అని నువ్వు అప్పుడే గొణిగావు. నాకప్పుడే అనుమానం వచ్చింది. రేపే వెళ్లి డాక్టరుకి ఉన్నదున్నట్టు చెప్పు.

అప్పటిదాకా మీ బావ గడ్డం పెంచుకుంటారట. ఇంకొకరి కత్తికి మెడ అప్పగించనంటున్నారు.

అక్క